పొద్దున పదింటికే చెప్పిన

మూడు కిలోల ఎల్లిపాయలు ఒలవాలె. శనివారం మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, చీర కూడ మార్చకుండ వంటింట్ల పీటేసుకొని కూసున్న. తెల్లారితే మా ఇంట్ల కృతజ్ఞత కూటం. మా అత్తమ్మ బుల్లెమ్మకు తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, మళ్ళ కర్ర పట్టుకొని నడుస్తున్నందుకు దేవునికి వందనాలు చెప్పుకునే కూటం. ఎనభై మందికి భోజనాలు. వంటమనిషిని పెడదామంటే మా ఆయన షాలేమ్‌రాజు, "ఇంట్ల నువ్వుండంగ వంటమనిషెందుకు సంపూర్ణా? అమ్మ కోసం ఆ మాత్రం చెయ్యలేవా?" అన్నడు. ఆయనకు దమ్మపేటల ఫ్లెక్సీలు కొట్టే షాపుంది. కూటం ఫ్లెక్సీ తనే కొట్టి గేటుకు కట్టిండు. అత్తమ్మ ఫొటో, పాస్టరుగారి ఫొటో, కింద ఆహ్వానించువారు షాలేమ్‌రాజు, కుమార్తె స్తుతి అని. నా పేరు లేదు. అడిగితే "జాగ సరిపోలే" అన్నడు. మూడు నెలలు ఆ ముసలామెకు స్నానం పోసింది, దొడ్డికి తీస్కపోయింది, సూది మందులేసింది నేను. జాగ సరిపోలేదంటే సరిపోలేదనే అనుకున్న. ఎల్లిపాయల ఘాటుకు గోర్లు మండుతున్నయి. ఎడమ చేతి మీద ఎప్పుడు తగిలిందో తెలియని పెద్ద నల్లమచ్చ. కొంగు లాగి కప్పుకున్న.

ఆ మచ్చ సంగతి నాకు తెలియక కాదు. నేను ఏఎన్‌ఎంని. అడవి అంచుల ఐదూర్ల సబ్‌సెంటర్ నాది. పదిహేడేండ్ల నౌకరి. పిల్లలకు టీకాలేస్త, గర్భిణీల బీపీ చూస్త, కాన్పు కష్టమైతదనుకుంటే ముందే దవాఖానాకు పంపిస్త. మా స్తుతికి నాలుగేండ్లున్నప్పుడు నాకు ఆయాసం మొదలైంది. హైదరాబాద్‌ల చూపిస్తే గుండెల కవాటం చెడిపోయిందన్నరు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం లోపల్లోపల గుండెను తిన్నదంట. లోహపు కవాటం పెట్టిండ్రు. దాని మీద రక్తం గడ్డకట్టకుండ బతికినన్నాళ్ళు రోజూ రక్తం పలచబరిచే గోలీ మింగాలె. తక్కువైతే గడ్డ కడతది, ఎక్కువైతే ఎక్కడన్న రక్తం కారుతది. అందుకని నెలకోసారి ఖమ్మం పోయి పరీక్ష చేయించుకోవాలె. ఆపరేషనై ఇంటికొచ్చిన రోజే మా అత్తమ్మ, ఆమెది ఏలూరు వైపు, "జబ్బుపిల్లని మాకు అంటగట్టార్రా షాలేమూ" అన్నది. పక్క గదిల ఉన్న నాకు వినబడాలనే అన్నది.

ఖమ్మం పోయి రావాలంటే ఒక రోజు పడతది. ఆ ఒక్క రోజు మూడు నెలల సంది నాకు దొరకలే. ఒకసారి అత్తమ్మ ఎక్స్‌రే, ఒకసారి ఇంటింటి సర్వే, ఒకసారి స్తుతి ఇంటర్ పరీక్షలు. లీవు పెడత అంటే మా ఆయన "నెల నెలా ఆ పరీక్ష ఎందుకు? మంచిగనే ఉన్నవ్ కదా" అనేటోడు. కూటానికి పది రోజుల ముందు దగ్గు, జ్వరం వచ్చినయి. పండుకుంటే కుదరదని యాంటిబయాటిక్ వేసుకున్న. ఆ మందు ఈ గోలీతో కలిస్తే రక్తం ఇంకా పలచబడతదని నాకు తెలుసు. తెలిసే వేసుకున్న. పండ్లు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. కూటం అయిపోయిన తెల్లారి ఖమ్మం పోదామనుకున్న. ఆ తప్పు నాదే, ఎవరి మీదా వేయను.

ఆదివారం పొద్దున పదింటికి, బిర్యానీ గిన్నెల గరిటె తిప్పుతున్న. రెండు జబ్బల నడుమ, వెన్నుల, ఎవరో కత్తి దించి మెలిపెట్టినట్టయింది. గరిటె జారి పడ్డది. కాన్పు నొప్పులు పడ్డ, రొమ్ము ఎముక కోయించుకున్న, కానీ అట్లాంటి నొప్పి నేనెరగ. గోడ పట్టుకొని నిలబడ్డ. మా ఆయన కుర్చీలు లెక్కపెట్టుకుంట లోపలికొచ్చిండు.

"వెన్నుల ఏదో అయింది. మామూలు నొప్పి గాదు. ఖమ్మం పోదాం" అన్న.

"ఇప్పుడా?" అన్నడు. నా మొఖం చూడలే, గిన్నె దిక్కు చూసిండు. "గ్యాస్ పట్టుకుంటది. పొద్దున్నుంచి ఏం తినలే కదా. కూటం కానీ, సాయంత్రం చూద్దాం."

మా నర్సుల పాఠంల రాసుంటది, నేను పదిమందికి చెప్పిన కూడ. ఆ గోలీ మింగేటోళ్ళకు కొత్తగ, చెప్పరాని నొప్పి ఎక్కడొచ్చినా ఆగొద్దు. నా నోట్లున్న ఆ మాట నా కోసం గట్టిగ రాలే. స్తుతి వచ్చి "నేను తిప్పుతనమ్మా, నువ్వు కూసో" అన్నది. కూసుంటే ఇంకా ఎక్కువైంది. లేచిన. గరిటె తీసుకున్న.

పదకొండున్నరకు పాటలు మొదలైనయి. పాదాల్ల చీమలు పాకుతున్నట్టుంది. కింద నేల సల్లగుందో వేడిగుందో తెలుస్తలే. ముందు గదిల పట్టుచీర కట్టుకొని కుర్చీల కూసున్న అత్తమ్మ దగ్గరికి పోయి వంగి చెప్పిన.

"అత్తమ్మా, కాళ్ళు తిమ్మిరెక్కినయి. నాకు భయంగుంది."

"తిమ్మిర్లు నాకు లేవా ఏంటి? తుంటి విరిగినోళ్ళమే లేచి తిరుగుతున్నాం. ఇవాళైనా నీ గుండె, నీ గోలీలు పక్కన పెట్టమ్మా" అన్నది. పక్కన కూసున్న సంఘపోళ్ళ ఆడోళ్ళు నవ్విండ్రు. నేనూ నవ్విన. ఇప్పటికీ ఎక్కువ బాధయ్యేది ఆ నవ్వుకే. నేనెందుకు నవ్విన?

కూటానికి మా ఊరి ఆరెంపీ వెంకటప్పయ్య కూడ వచ్చిండు. మా ఆయన ఆయన్ను వంటింట్లకు పంపిండు. "నొప్పికి ఒక సూదేస్త, అర్ధగంటల తగ్గుతది" అని సంచి తెరిచిండు. "వద్దన్నా, రక్తం పలచబడే గోలీ మింగుతున్న, కండల సూదెయ్యొద్దు. అసలు ఇది వెన్నుల రక్తం కారుతున్నట్టుంది" అన్న. అనుమానం నోటితోని చెప్పింది అదే మొదటిసారి. ఆయన బయటికి పోయి మా ఆయనతోని "నర్సమ్మ కదా, మన మాట వినదు" అన్నడట. ఇద్దరూ నవ్వుకున్నరట. స్తుతి విన్నది.

ఒంటిగంటకు వడ్డనలు. పప్పుచారు బకెట్ పట్టుకొని రెండో వరసకు పోయేసరికి కుడికాలు లేవలే. ఈడ్చుకుంట రెండడుగులేసిన. మూడో అడుగుకు బకెట్ ఒరిగి ఎవరి చీర మీదనో పడ్డది. మా ఆయన వచ్చి నవ్వు మొఖంతోనే, పండ్ల సందుల నుంచి, "నలుగుర్ల ఇజ్జత్ తియ్యకు. పోయి లోపల కూసో" అన్నడు. లోపలికి పోయిన. ఒంటేలుకు వస్తున్నట్టుంది గానీ వస్తలే. బాత్రూంల కూసున్నదాన్ని లేవబోయిన. లేవలే. చేతులతోని కాళ్ళను తడిమి చూసుకున్న. చేతులకు కాళ్ళు తగిలినయి. కాళ్ళకు చేతులు తగల్లే.

అరిచిన. మైకుల పాస్టరుగారు ముగింపు ప్రార్థన చేస్తున్నరు. స్తుతి, ఆశా వర్కర్ ముత్తక్క తలుపు తోసుకొని వచ్చిండ్రు. ముత్తక్క నా బొటనవేలు గిచ్చి, నా మొఖం చూసి, ఫోన్ తీసి 108కి చేసింది. మా ఆయన ఉరికొచ్చి "వాకిట్ల అంబులెన్స్ ఏంది, ఇంతమంది ముందర? కారు మాట్లాడత ఆగు" అని 108ని వద్దనిపించిండు. కారు వచ్చేసరికి మూడున్నర. సత్తుపల్లిల ఒక ప్రైవేటు దవాఖానాకు తీస్కపోయిండ్రు. సెలైన్ పెట్టి కొంచెం సేపు చూద్దామన్నరు. నేను "గోలీ మింగుతున్న, వెన్నుల స్కానింగ్ తియ్యాలె" అని అడిగింది అడిగినట్టే ఉన్న. చివరికి ఖమ్మం పంపిండ్రు. వైరా దాటేటప్పుడు బొడ్డు మీద చెయ్యేసుకున్న. అక్కడ కూడ ఏం తెలుస్తలే.

స్కానింగ్‌ల తేలింది. వెన్నుపాము చుట్టూ రక్తం చేరి, గడ్డకట్టి, దాన్ని నొక్కేసింది. ఆ గోలీ వాడేవాళ్ళలో ఇది చాలా అరుదంట, వేలమందికి ఒకరికి కూడ కాదంట. రక్తం మూడింతలు పలచబడి ఉండాల్సింది తొమ్మిదింతలు పలచబడి ఉన్నది. ముందు దాన్ని సరిచేస్తే తప్ప కోయడానికి లేదు. విటమిన్ సూదులు, ప్లాస్మా సంచులు ఎక్కించుకుంట కూసునేసరికి తెల్లారింది. అప్పుడు వీపు కోసి గడ్డ తీసిండ్రు.

ఆపరేషన్‌కు ముందు సర్జన్ అడిగిండు, "నొప్పి ఎప్పుడు మొదలైంది? కాళ్ళు ఎప్పుడు పోయాయి?" నన్ను చూసే అడిగిండు. జవాబు మాత్రం మా ఆయన చెప్పిండు. "సాయంత్రం సార్. చెప్పంగనే తెచ్చినం." నేను కాదనలే. డాక్టరు కాగితం మీద సాయంత్రం అనే రాసుకున్నడు. మూడో రోజు ఆయన నా మంచం అంచున నిలబడి చెప్పిండు. "కాళ్ళు పడిపోవడం మొదలైన కొన్ని గంటల్లోపు గడ్డ తీస్తే చాలామంది లేచి నడుస్తారమ్మా. మీ విషయంలో కదలిక ఎందుకు రాలేదో నాకూ అర్థం కావట్లేదు." ఆయనకు అర్థం కాకపోవడానికి కారణం నాకు తెలుసు. ఇంకో మాట కూడ చెప్పిండు. గుండెల కవాటం ఉన్నది కాబట్టి కొద్దిరోజులాగి ఆ గోలీ మళ్ళ మొదలుపెట్టాలె. నన్ను ఇట్ల పడేసిన గోలీనే రోజూ నీళ్ళతోని మింగుతున్న.

నాలుగు నెలలకు ఇల్లు చేరిన. ముందు గదిల అత్తమ్మ మంచం తీసి నాది వేసిండ్రు. చూడొచ్చిన ప్రతి ఒక్కరికి మా ఆయన ఒకటే చెప్తడు. "ఒక్క మాట చెప్తే ఎత్తుకొని ఉరికేటోన్ని కదా. దానికి అంతా లోపల దాచుకునే అలవాటు." చెప్తుంటే కండ్లల్ల నీళ్ళు తిరుగుతయి. అబద్ధమని ఆయనకు తెలుసో లేదో కూడ నాకిప్పుడు తెలియదు. పదిసార్లు చెప్పినంక ఆయనకు అది నిజమైపోయి ఉంటది. నాకే అనుమానమొచ్చేది, పదింటికి నేను నిజంగ చెప్పిన్నా, మనసుల అనుకున్ననా అని. పండుకొని ఆ రోజును మళ్ళ మళ్ళ నడిపించుకునేదాన్ని. చెప్పిన. ముగ్గురికి చెప్పిన. అడిగినట్టు చెప్పిన, అంతే. సెలవు ఇస్తరా అన్నట్టు చెప్పిన.

ఒకరోజు హాతీరాం వచ్చిండు. తండా మనిషి. రెండేండ్ల కింద వాళ్ళావిడ లాలికి ఏడో నెలల కండ్లు బైర్లు కమ్మి తల పగిలిపోతుందంటే నేను బీపీ చూసి, ఫిట్స్ వస్తయని, ఆగకుండ భద్రాచలం తీస్కపొమ్మన్న. వాన, వాగు పొంగింది, బండి రాదు. తమ్ముణ్ణి పిలిచి మంచం మీద మోసుకుంట నాలుగు కిలోమీటర్లు పోయిండు. తల్లీపిల్లా దక్కిండ్రు. ఇప్పుడు గుడ్డసంచిల బోడకాకరకాయలు తెచ్చి మంచం కింద పెట్టి, చేతులు కట్టుకొని నిలబడ్డడు. మా ఆయన అలవాటుగ "చెప్పనే లేదు హాతీరాం, చెప్తే..." అని మొదలుపెట్టిండు.

హాతీరాం ఆయన్ను చూడలే, నన్నే చూసిండు. "మేడం, ఆగొద్దని మాకు నువ్వే కదా చెప్పింది. నేను పొలంల నాగలి ఇడిసిపెట్టి ఉరికితిని. నువ్వెందుకు ఆగినవ్?"

కొట్లాటకు అడగలే. తెలియక అడిగిండు. నేను "పదింటికే చెప్పిన హాతీరాం. ఇంట్ల కూటముంది, సాయంత్రం పోదామన్నరు" అన్న. మా ఆయన "నొప్పన్నవ్, ఇట్లయితదని చెప్పినవా?" అనుకుంట బయటికి పోయిండు. ఆ రోజు నుంచి చూడొచ్చినోళ్ళకు ఆ కథ చెప్పుడు బంద్ చేసిండు. దానికి బదులు నాతోని మాట్లాడుడు కూడ బంద్ చేసిండు.

మళ్ళ మాట్లాడింది కాగితంతోనే. ఏ డ్యూటీకీ పనికిరానని నేను రాసిస్తే, మెడికల్ బోర్డు అవునంటే, ఇంట్ల ఒకరికి నా బదులు సర్కారు నౌకరి వచ్చే దారి ఉన్నదట. ఆయన తన పేరుతోనే అన్నీ తయారు చేయించుకొచ్చిండు. పెన్ను మూత తీసి నా చేతుల పెట్టిండు. "మంచంల ఉన్నదానివి నౌకరేం చేస్తవ్? అమ్మకు, నీకు స్తుతి ఉంటది ఇంట్ల. కాలేజీ ఒక ఏడు ఆగితే ఏమైతది?" చదివిన. 'నేను ఏ పనికీ పనికిరానని స్వయంగా ధ్రువీకరిస్తున్నాను.' రేపు చేస్తనని దిండు కింద పెట్టుకున్న.

ఆ తెల్లారి మధ్యాహ్నం స్తుతి నన్ను తుడుస్తున్నది. పదిహేడేండ్ల పిల్ల. ఖమ్మంల డిగ్రీ సీటొచ్చి కూడ పోలే. రెండు గంటలకోసారి నన్ను పక్కకు తిప్పుతది, మూత్రం సంచి మారుస్తది, నాన్నమ్మకు వండి పెడతది. వంగి లేస్తుంటే పొత్తికడుపు పట్టుకొని ఒక నిమిషం ఆగింది. మొఖం తెల్లగుంది.

"ఏందిరా?"

"ఏం లేదమ్మా. రెండ్రోజుల సంది కొంచెం నొప్పి. నాన్నమ్మకు అన్నం పెట్టినంక పండుకుంట." అని నవ్వింది.

ఆ నవ్వును నేనెరుగుదు. ఎవరూ నేర్పకుండనే నేర్చుకున్నది, నన్ను చూసి. నాకు కాళ్ళు పోయిన రోజు కూడ అంత ఏడుపు రాలే.

"అన్నం అక్కడ పెట్టు. చెప్పులేసుకో" అన్న. ముత్తక్కకు ఫోన్ చేసి ఆటోల పీహెచ్‌సీకి పంపిన. లోపల్నుంచి అత్తమ్మ "అన్నం వేళ పిల్లనెక్కడికి పంపావే?" అని అరుస్తనే ఉన్నది. పెద్దదేం కాదు, మూత్రంల ఇన్‌ఫెక్షన్. మూడు రోజుల గోలీలతోని తగ్గింది. కానీ ఆ గంటసేపు మంచంల ఒక్కదాన్ని పడి ఉండి నేను రెండు సంగతులు తేల్చుకున్న.

సాయంత్రం కాగితం ఆయనకిచ్చిన. సంతకం లేదు. "ముత్తక్క యూనియన్ వాళ్ళను అడిగింది. సర్వీసుల ఉండంగ అవయవం పోతే నౌకరి తియ్యరంట, కూసోని చేసే పని ఇయ్యాలంట. పీహెచ్‌సీల టీకాల రికార్డులు నేను రాస్త. వీల్‌చైర్ వచ్చినంక పోత. స్తుతి సోమవారం ఖమ్మం పోతది. హాస్టల్‌కు మాట్లాడిన."

"మరి నిన్నెవరు చూస్తరు?" అన్నడు. నిజంగనే తెలియనట్టు.

"అత్తమ్మను నేను చూడలేదా? నన్ను నువ్వు చూస్తవ్."

"మొగోన్ని, నాకేం తెలుసు అవన్నీ?"

"నేర్పిస్త. పదిహేడేండ్లు ఊర్లకు ఊర్లకు నేర్పిన."

స్తుతి పోయే రోజు మంచం కాడ నిలబడి బ్యాగు దించదు, ఎత్తదు. "నీకు పుండ్లు పడతయమ్మా. నాన్న మర్చిపోతడు" అన్నది. పడొచ్చు. ఆయన మర్చిపోవచ్చు. నన్ను ప్రేమతోని ముట్టుకునే చేతులు ఈ ఇంట్ల అవి రెండే, వాటిని నేనే పంపిస్తున్న. ఆ ముక్క ఆ పిల్లకు చెప్తే పోదు. "బస్సు పోతది, నడువ్" అన్న. గేటు చప్పుడైంది. ఆటో మలుపు తిరిగేదాక విన్న. అప్పుడు దిండు నోట్ల కుక్కుకొని ఏడ్చిన.

పది గంటలకు మా ఆయన వచ్చి మంచం పక్కన నిలబడ్డడు. తిప్పే టైమయింది. గుండె ఆపరేషనైనప్పటి సంది, కవాటం టిక్కు టిక్కుమంటుంటే నిద్రపట్టదని వేరే గదిలనే పండుకునేటోడు. పదమూడేండ్లు. ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక గాలిల పెట్టుకొని నిలబడ్డడు.

"ముందు చేతులు కడుక్కో" అన్న. కడుక్కొచ్చిండు. "ఒక చెయ్యి జబ్బ కింద, ఒకటి నడుం కింద. గుంజకు, దొర్లించు." వంగిండు. ఇన్నేండ్ల తర్వాత ఆయన చెయ్యి నా నడుం మీద పడ్డది. కండ్లతోని చూస్తే తెలిసింది, ఒంటికి తెలియలే.

"నొప్పైతుందా?" అని అడిగిండు, మెల్లగ.

ఆ మాట ఆయన నోటి నుంచి వినడం అదే మొదటిసారి.

"లేదు" అన్న. "ఇంకెప్పుడూ కాదు."